గొంతు కింది రెక్కలు

అధ్యక్షులవారికి, ముందు వరుసలోని పెద్దలకు, నాకంటే ముందే టీ తాగేసి వెనక బెంచీల మీద సర్దుకున్న స్నేహితులకు నమస్కారం. నాకు సంతకానికి మించి చదువు లేదు. అయినా నా రిటైర్మెంటు సభకు ఎవరో రాసిచ్చిన కాగితం వద్దన్నాను, నా నోరు ఇంకా బాగానే ఉంది.

ఈ మ్యూజియంలో చేపల ఎముకలు ఉడకబెట్టి, తోమి, తీగతో కట్టి నిలబెట్టడం నా పని. నాలాగా కట్టేవాడు ఇంకొకడు లేడు. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు, మెట్ల దగ్గరున్న ఆ కాడ్‌ను చూశాక నవ్వండి.

చలి సముద్రపు చేప అది. వీపున మూడు రెక్కలు, గడ్డం కింద ఒంటి మీసం. నా చేతికొచ్చినప్పుడు దాని పొట్టరెక్కలు గొంతు కింద, పక్కరెక్కలకన్నా ముందున్నాయి. మంచుపెట్టెలో నలిగి జరిగాయనుకుని, కట్టేటప్పుడు వాటిని పొట్ట కిందికి చక్కగా సర్దాను.

అదిగో, కిటికీ పక్కన కూర్చున్న మేడమ్‌గారు, చేపలు ఏ జాతివో తేల్చే ఆవిడ, అది చూశారు.

"బాబాయ్, దీని ఇంటిపేరు మార్చేశారే!" అన్నారు.

తిట్టలేదు. పచ్చి చేపనొకదాన్ని తెచ్చి, నా పీట మీదే కూర్చుని కోసి, "వేలు పెట్టి చూడండి" అన్నారు. గొంతు కిందే తగిలింది ఆ ఎముక. వెంటనే నా కాడ్‌ను విప్పి, రెక్కలు మళ్లీ గొంతు కిందే కట్టాను. చేపలకూ మనలాగే ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరట. గొంతు కింద రెక్కలు ఆ వంశం పోలికట. ఇక్కడ పని చెప్పినవాళ్లు చాలామంది, ఎందుకో చెప్పింది ఆవిడ ఒక్కరే. ఆ రోజు నుంచి నేను కంచంలో ముల్లు కనిపిస్తే వంశం చెబుతాను, మా ఆవిడేమో "తినే చేపకు జాతకమెందుకయ్యా" అంటుంది. (నవ్వులు)

ఇందాక అధ్యక్షులవారు ఆ కాడ్‌ను రేపు విప్పి కొత్త హాల్లో పెట్టిస్తామన్నారు. ఎవరు విప్పుతారు సార్? సామాన్లు మోసేవాళ్లా? మంచివాళ్లే. నాలాగే రెక్కలు చక్కగా సర్దుతారు.

గడియారం ఇచ్చారు, సంతోషం. ఆ పని కూడా నాకే ఇవ్వండి. అది నా చేతులతో కట్టిన చేప, దాన్ని ఇంకొకడు ముట్టుకుంటే నాకు ముద్ద దిగదు.

మేడమ్‌గారు తల ఊపుతున్నారు. అధ్యక్షులవారు ఆవిడ వంక చూస్తున్నారు... ఆఁ, ఆయనా ఊపారు! అందరూ చూశారుగా, రేపు మాట మారిస్తే మీరే సాక్షులు. (చప్పట్లు)

అమ్మా, మీ రుణం మాటలతో తీరేది కాదు. కళ్లనీళ్ల మాటలు కొన్ని దాచుకుని వచ్చాను గానీ, ఇవాళ వాటితో పని పడలేదు. అందరికీ దండాలు. సెలవు, ఈ సాయంత్రానికి మాత్రమే.