బొటనవేలి కింద నంబరు

అబ్బబ్బ, అలా బాదకు వెర్నా, అది రైఫిలు, మీ పెరటి గేటు గడియ కాదు. ఇలా తే. ముందు ఖాళీయేనా, చూపించు. ఆఁ, ఖాళీయే. ఏభై ఏళ్ళుగా ఈ మైదానంలో అందరినీ అడిగీ అడిగీ అలవాటైపోయింది, మా ఆవిడ చేతిలో గరిటె కనబడినా ఖాళీయేనా అని అడుగుతున్నాను.

కూర్చో. ఫ్లాస్కులో టీ ఉంది, పోసుకో. ఈగల్ని పట్టించుకోకు, అవీ క్లబ్బు సభ్యులే.

నీ వంతుకి ఇంకా అరగంటుంది. టార్గెట్ల ముందు మళ్ళీ కంగారూలు మేస్తున్నాయిగా, వాటిని తోలేదాకా కాల్పులు ఆపేశారు. అరగంటలో ఈ క్లారీ ఎన్ని మొండి బోల్టుల్ని దారికి తెచ్చాడో నీకేం తెలుసు? కంగారు పడకు.

తెలుసు, తెలుసు. ఈ ఏడాదికి ఇదే ఆఖరి పోటీ. పోయిన నెల మూడో తూటాకే, దాన్ని లోపలికి తోసి బిగించే ఈ బోల్టు మూసుకోక సగంలో లేచొచ్చేశావు, హాజరు పడలేదు. ఇవాళ పది తూటాలూ కాల్చి హాజరు వేయించుకోకపోతే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఆల్బీ రైఫిల్ని పోలీసులకి అప్పజెప్పెయ్యాలి, వాళ్ళు రంపంతో రెండు ముక్కలు చేసి పారేస్తారు. మొగుడు పోయిన దుఃఖంలో, డెబ్భై ఏళ్ళ వయసులో, పరీక్ష రాసి మరీ లైసెన్సు తెచ్చుకున్నదానివి. నీకు నేను చెప్పాలా?

అందుకే అంటున్నా, నా రైఫిలు తీసుకో. ఇదిగో, ఎంత సుఖంగా నడుస్తుందో చూడు. పదీ కాల్చేసి, సంతకం పెట్టించుకుని ఇంటికి పో.

వద్దా? సరేలే. ఆల్బీది తప్ప ముట్టుకోవు. మొండితనంలో మొగుడికి తగ్గ పెళ్ళానివి.

నా అనుమానం ముందు గ్రీజు మీద. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న సరుకు కదా ఇదంతా, గిడ్డంగిలో తుప్పు పట్టకుండా ఒళ్ళంతా గ్రీజు మెత్తి పెట్టారు. ఏ మూలో కాస్త మిగిలుంటుంది, గొట్టం వేడెక్కగానే బంకలా పట్టేస్తుంది. నేనూ ఆల్బీ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి కొన్నాం ఈ రెంటినీ. మా ఇంట్లో స్నానాల తొట్టిలో పెట్టి మరుగునీళ్ళు పోసి కడిగాం. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. హాయిగా గడిచిందిలే ఆ వారం.

నువ్వేం నూనె వేశావు? కుట్టుమిషను నూనా? పర్లేదు, కాస్త ఎక్కువైంది. ఆ గుడ్డ ఇలా ఇవ్వు. ఊఁ, లోపలంతా అద్దంలా ఉంది. ఆల్బీ తుడిచిన రైఫిల్లో మురికి వెతకడం నా బుద్ధితక్కువ.

గొట్టం కింది ఈ కర్ర ఉబ్బిందేమో. ఈ ఏడు వానలు దంచి కొట్టాయిగా. ఈ మర కాస్త వదులు చేస్తే... ఊహూఁ, అదీ కాదు.

ఇటు చూడు. ఖాళీగా ఉంటే బోల్టు బుద్ధిగా ముందుకీ వెనక్కీ పోతోంది. ఇప్పుడు ఈ మందులేని ఉత్తుత్తి తూటా పెట్టి మూస్తే... ఉఁ... చూశావా, అరచేత్తో గుద్దితే గానీ దిగలేదు. ఇంకోసారి. ఇంకోసారి. అంటే గ్రీజు కాదు, కర్రా కాదు. తూటాలదే తప్పు. ఎక్కడ కొన్నావవి?

నేనే ఇచ్చానా? అవునులే, నేనే ఇచ్చాను. నా దాంట్లో ఇవే ఇట్టే కూర్చుంటున్నాయి మరి.

ఏమిటలా చూస్తున్నావు? నా బొటనవేలి కిందా? ఏముంటుంది, మట్టి.

నంబరా. ఉంటుంది, ఎందుకుండదు? రైఫిలు మీద ఒక నంబరు, దాని బోల్టు పిడి మొదట్లో అదే నంబరు. ఫ్యాక్టరీలో ఒకదానికి ఒకటి సరిచూసి జత కలుపుతారు. ఒకదాని బోల్టు ఇంకోదాంట్లో పెట్టినా పడుతుంది, కానీ ఒకదాంట్లో బిగిసిపోతుంది, ఇంకోదాంట్లో వెన్నలా జారుతుంది. టీ తాగు, చల్లారిపోతోంది.

సరే, తీశాను వేలు. చదువుకో. రైఫిలు మీద చివర తొంభై రెండు, బోల్టు మీద నలభై ఏడు. ఇక నా రైఫిలు కూడా తిప్పి చూడు. చూసేదాకా ఊరుకోవుగా. దాని మీద నలభై ఏడు, దాని బోల్టు మీద తొంభై రెండు.

పొరపాటు వెర్నా. మొదట ఒట్టి పొరపాటే, మా అమ్మ మీద ఒట్టు. ఎనభై తొమ్మిదిలో, జిల్లా షీల్డు పోటీ రోజు. నిమిషంలో పది తూటాలూ కాల్చాలి దాన్లో. మధ్యాహ్నం తిండి వేళ నా బండి వెనక తలుపు దించి, దాని మీదే ఇద్దరం రైఫిళ్ళు తుడుచుకున్నాం. రెండు బోల్టులూ ఒకే గుడ్డ మీద. తింటూ, ఒకణ్ణొకడు వెక్కిరించుకుంటూ, చేతికి దొరికింది తోసేశాం.

మైదానంలో పడుకుని మొదటి తూటా వేశాక తెలిసింది నాకు. నా బోల్టు జన్మలో అంత బాగా నడవలేదు. పక్కన ఆల్బీ అరచేత్తో గుద్దుతున్నాడు. చెయ్యెత్తి ఒక్క మాట అంటే అయిపోయేది. నోరు రాలేదు. అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడి మీద గెలవలేదు నేను. ఆ రోజు గెలిచాను.

తర్వాతి వారం ఇచ్చేద్దామనుకున్నాను. తర్వాత, వచ్చే ఏడాది అనుకున్నాను. పదకొండు షీల్డులు వెర్నా. మా ఆవిడ వాటి దుమ్ము దులిపినప్పుడల్లా నేను లేచి బయటికి పోతాను. వాడి శవపేటిక మోశాను చూడు, భుజం మీద పెట్టుకుని కూడా అదే ఆలోచన. సిగ్గేసింది. అయినా చెప్పలేదు. పాపం వాడికి తెలియకుండానే పోయాడులే అనుకుని...

ఏమిటీ? మళ్ళీ చెప్పు.

ఆ సాయంత్రమే ఇంట్లో చూసుకున్నాడా? నీకూ చూపించాడా?

మరి అడగలేదేం? ఏటా క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి, ఆ షీల్డుల కిందే కూర్చుని, నా రొయ్యలన్నీ తిని పోయేవాడే. ఒక్కసారైనా అడగలేదేం?

"క్లారీకి గెలుపంటే అంత ప్రాణమైతే ఉంచుకోనీ" అన్నాడా. నవ్వుతూ అన్నాడా? నవ్వుతూనే అనుంటాడు, వెధవ. తిట్టినా బాగుండేది.

అందుకేనా ఇవాళ సరాసరి నా దగ్గరికే పట్టుకొచ్చావు? నేనేమో గ్రీజు, కర్ర, వానలు అంటూ పురాణం చెప్పాను.

ఉండు, కళ్ళలో ఏదో పడింది. ఈ ఈగలొకటి.

ఇదిగో, బోల్టులు మార్చేశాను, తొంభై రెండులో తొంభై రెండు. ఉత్తుత్తి తూటా పెట్టాను, మూసి చూడు. గుద్దక్కర్లేదు, రెండు వేళ్ళు చాలు. చూశావా? అదీ ఆల్బీ బోల్టు. కంగారూలు పోయాయి, నీ పేరు పిలుస్తున్నారు. ఆగు, ఆ ఉత్తుత్తి తూటా తీసెయ్యి ముందు. ఆఁ, ఇప్పుడు వెళ్ళు.

నేనా? పేరైతే ఇచ్చాను గానీ, ఇవాళ దిగనులే. ఇందాక మూడుసార్లు మూసేసరికే చూడు, అరచెయ్యి ఎలా కందిపోయిందో. దీన్నలాగే గుద్దుకుంటూ నిమిషంలో పది కాల్చి, ప్రతిసారీ నాకంటే ఒకటో రెండో పాయింట్లే తక్కువ తెచ్చుకున్నాడు నీ మొగుడు. ఇప్పుడు నా రైఫిలుకి నా బోల్టే వచ్చింది కదా. దిగితే నేనెంతటివాణ్ణో ఊరందరికీ తెలిసిపోతుంది.