బియ్యం డబ్బాలో బిళ్ళలు

నరసాపురం బజారులో చేపలమ్ముకుని ఆవేళ పెందరాళే ఇల్లు చేరిన పెద్దింట్లమ్మ, వంటింట్లో కోడలు రమ్యశ్రీని నిలదీసింది.

“మళ్ళీ అడుగుతున్నాను. ఇవేంటి?”

“బిళ్ళలండి, అత్తయ్యా.”

“బిళ్ళలని నాకూ కనబడుతోందిలే. బియ్యం డబ్బాలో ఎందుకున్నాయంట?”

“అదీ... ఎండ తగలకూడదంట.”

“మన వంటింట్లోకి ఎండెప్పుడొచ్చిందే? నిజం చెప్పు. పిల్లలు పుట్టకుండా మింగుతున్నావు కదూ?”

“అయ్యయ్యో! కాదండి!”

“మా ఉష చూస్తే పెళ్ళయి ఐదేళ్ళయినా పిల్లలొద్దని కూర్చుంది. అడిగితే మాట దాటేస్తది. మొన్న అది తణుకు నించి దిగిందో లేదో, నీకూ ఆ గాలి సోకిందా? తలంటుకుని రానీ, దానికీ ఉంది!”

“ఒదిన్నేమీ అనకండి. ఇవి పిల్లలొద్దనుకునేవాళ్ళు వేసుకునేవి కాదు, కావాలనుకునేవాళ్ళు వేసుకునేవి. ఫోలిక్ యాసిడ్ అంటారు.”

“యాసిడ్డా! బాత్రూం కడిగేదా?”

“పేరలా ఉంటుంది గానీ విటమినేనండి. తోటకూరలో ఉంటుంది, పెసల్లో ఉంటుంది. ఆ కాస్తా చాలదని బిళ్ళ ఇస్తారు.”

“అంటే... నా తల్లే! నెల తప్పావా? చెప్పవేంటే! సురేషుకి ఫోన్ కొట్టు! ముందా గిన్నె కింద పెట్టు, బరువులెత్తకు!”

“ఆగండి, ఆగండి. నేను నెల తప్పలేదు.”

“మరి బిడ్డే లేకుండా బిడ్డకి మందేంటి?”

“కడుపు పడకముందే మొదలెట్టాలంట. బిడ్డకి మెదడూ వెన్నుపూసా మొదటి నెల్లోనే రూపు కట్టేస్తాయంట. నెల తప్పిందని మనకి తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. అందుకని ఓ నెల ముందు నించే రోజూ ఒకటి. మూడో నెల నిండేదాకా మానకూడదు.”

“పడవ నీళ్ళలోకి దించేశాక తారు పూస్తే ఏం లాభం, ముందే పూయాలి. అంతేనా?”

“అంతేనండి! డాక్టరమ్మ ఇంగ్లీషులో ఎంతసేపు చెప్పిందో! తోడెళ్ళబట్టి నాకూ తెలిసింది గానీ...”

“తోడా? ఎవరికి తోడు?”

“ఆ... మీ అబ్బాయికి.”

“సురేషుకి ఆడాళ్ళ డాక్టరుతో ఏం పనే?”

“అత్తయ్యా, చారు పొంగుతోంది!”

“పొంగనీ. ఆగు... ఇందాక ఏదో అన్నావు. వెన్నుపూసా?”

“అవునండి. ఈ విటమిను చాలకపోతే కొందరు పిల్లలకి వెన్ను సరిగ్గా మూసుకోదంట. ఏమైందండి? ఇలా కూర్చోండి.”

“ఉషకన్నా ముందు నాకో పిల్ల పుట్టింది. నీకు తెలీదు.”

“తెలుసండి. ఒదిన చెప్పింది.”

“వీపు మూసుకోకుండానే పుట్టింది. పేరన్నా పెట్టకముందే పోయింది. గ్రహణం పూట చేప కోశానంట, అందుకేనంట. మా అత్త చచ్చేదాకా అదే మాట. ఆ పూట గ్రహణమని నాకు తెలీదే, రమ్యా! తెలిస్తే కత్తిపీట ముట్టుకుంటానా?”

“ఆ సంగతీ డాక్టరమ్మని అడిగామండి. గ్రహణానికీ దానికీ సంబంధమే లేదంది.”

“కత్తిపీటకి?”

“కత్తిపీటకీ లేదు. ఫలానా బిడ్డకి ఎందుకలా అయిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరంట. తల్లి తప్పు మాత్రం కాదంది.”

“మళ్ళీ అను.”

“మీ తప్పు కాదండి.”

“మా అత్త బతికుండాల్సింది, నీచేత చెప్పించేదాన్ని... సరే, ఇవి వేసుకుంటే ఇంక భయం లేదా?”

“అసలే లేదని అనలేదండి. చాలామటుకు తప్పుతుందంది. ఇంట్లో ఇదివరకు అలా జరిగుంటే మాత్రం డాక్టరే చూసి పెద్ద మోతాదు రాస్తారు. ఇవి అవే.”

“మరి ఇంత మంచి మందు దొంగసొత్తులా దాస్తావేంటే! ఇకనించి నా చేత్తో నేనే వేస్తా. ఇదిగో నీళ్ళు. నోరు తెరు.”

“అయ్యో, నాకొద్దండి!”

“నా దగ్గర సిగ్గేంటే? తెరు!”

“సిగ్గు కాదండి. నేను మాటిచ్చాను. అడక్కండి, అత్తయ్యా.”

“మాటా? ఎవరికే?”

“రమ్యా! నా బిళ్ళ ఇలా పట్రావే, ఇవాళ్టిది వేసుకోలేదు. ఇంకా భయపడుతూ కూర్చుంటే ఈ జన్మకి తల్లినవను... అమ్మా? నువ్వెప్పుడొచ్చావు?”