బుకిట్ బటోక్‌లో ఆగకుండా కూసిన మిషను

దేశంకాని దేశంలో కార్తీక వనభోజనాలకని బుకిట్ బటోక్ పార్కుకి వెళ్తే, పులిహోర సగంలో ఉండగా వాన పట్టుకుంది. విస్తళ్లు, గిన్నెలు లాక్కుని అందరం షెడ్డు కిందికి పరిగెత్తాం. అక్కడ కోటేశ్వరి చెవి తడుముకుని గొల్లుమంది. ఎడమ దిద్దు లేదు. వాళ్లమ్మ పోయేముందు తన చెవులనుంచి తీసి ఇచ్చిన దిద్దులవి. ఇందాక పిల్లలతో ఆడిన గడ్డిలోనే పడుంటుంది. ఆ గడ్డి పక్కనే పెద్ద కాలవ. వాననీళ్లన్నీ అటే పరిగెడుతున్నాయి.

మా పరంధామయ్యగారి దగ్గర నేలలో లోహాన్ని పసిగట్టే మిషనుంది. ఆయన షిప్‌యార్డులో సూపర్‌వైజరు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకూడదని ఆదివారం కూడా కంపెనీ బూట్లే వేసుకొస్తాడు. వాటిమీద సుత్తి పడ్డా కాలివేలికి దెబ్బ తగలదని బస్సులో రెండుసార్లు చెప్పాడు.

"పదండి అంకుల్, కాలవలోకి కొట్టుకుపోతుంది" అంది కోటేశ్వరి.

"పిడుగులు పడుతుంటే చేతిలో ఈ మిషను కర్ర పట్టుకుని వెళ్తామా అమ్మాయ్? ఉరుములు తగ్గనీ. ఈ మిషనుండగా నీకు భయమేంటి? దీని సంగతి నీకు తెలీదు" అని బెంచీమీద కూర్చుని, దాన్ని కాళ్లముందు ఇటుకల నేలమీద పెట్టి మీట నొక్కాడు. అది కుయ్‌మంది.

"గిన్నెలకి అరుస్తోందేమో" అని కోటేశ్వరి గిన్నెలన్నీ దూరంగా జరిపింది. అయినా అది కుయ్‌మంటూనే ఉంది.

"గిన్నెలా పాడా! ఈ నేల కిందంతా సరుకే. మొన్న ఏప్రిల్లో ఏమైందో విను. ఈ కొండ వెనకాల పూర్వం ఓ చైనా షావుకారు బంగళా ఉండేది. ఇప్పుడు మెట్లే మిగిలాయి. ఈ కుర్రాళ్లంతా రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయో అని జుట్టు పీక్కుంటుంటే, నేను వందేళ్లు వెనక్కి వెళ్లా. మొదటి మెట్టు దగ్గర ఒక్క రాగి నాణెం దొరికింది. అంతే, నేనేం గొప్పలు చెప్పుకోను. కానీ మిషను ఆగితేనా? అడుగేస్తే కుయ్, అడుగేస్తే కుయ్! తవ్వాను. నాణెం కింద బిందె. బిందె కింద భోషాణం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వాన తగ్గదా అంకుల్?" అంది కోటేశ్వరి, కాలవకేసి చూస్తూ. నీళ్లు గట్టుదాకా వచ్చేశాయి.

"తగ్గుతుందమ్మా. భోషాణం కింద ఇత్తడి తలుపు! తట్టాను. లోపల్నుంచి 'ఎవరండీ' అన్నారు."

"తెలుగులోనా?" అన్నాన్నేను.

"మనవాళ్లు లేని చోటుందా? మర్యాదగా గొయ్యి మూసేసి వచ్చేశా. అయినా మిషను ఊరుకోదే! అది కూస్తూ ముందు, నేను వెనక. అలా క్రాంజీ ఒడ్డుదాకా నడిచా. నేలంతా బంగారమే. అక్కడ సముద్రం అడ్డం. ఆగానా? పంట్లాం మడిచి దిగా. నీళ్లలోనూ కుయ్‌మంటూనే ఉంది. ఆ కూతకి చేపలు బారులు తీరి దారిచ్చాయి. మలేషియా ఒడ్డున పోలీసులు ఇదేదో మంత్రిగారి బండి హారనని సెల్యూట్ కొట్టారు!"

ఇంతలో జల్లు లోపలికి కొట్టింది. పరంధామయ్యగారు కాళ్లు బెంచీమీదికి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు. మిషను టక్కున ఆగిపోయింది. ఆయన కథ హుషారులో చూసుకోలేదు. కోటేశ్వరి చూసింది. కళ్లు తుడుచుకుని ఆ మిషనునే చూస్తూ కూర్చుంది.

ఉరుములు ఆగాయి. ఆయన కాళ్లు దించాడు. కుయ్!

"అదిగో పిలుస్తోంది, పదండి" అని లేచాడు.

"అంకుల్, బూట్లు విప్పండి."

"ఏంటీ?"

"మీ బూట్ల ముక్కులో ఇనుము ఉంది. మీరు కాళ్లు పైన పెట్టుకున్నంతసేపూ ఇది నోరెత్తలేదు. ఇప్పుడు గడ్డిలోనూ మీ బూట్లకే అరిస్తే నా దిద్దు నాకెప్పటికీ దొరకదు. మీకు దణ్ణం పెడతాను, విప్పండి."

ఎవరం నవ్వలేదు. ఆయన మొహం ఇంత చిన్నదైపోయింది. బూట్లు విప్పి, మేజోడు చిరుగులోంచి వేలు కనపడుతుంటే బురదలోకి దిగాడు. మేం గడ్డి అంచునే నిలబడ్డాం. ఒక వరస అయింది. రెండో వరస అయింది. మిషను చప్పుడు చెయ్యలేదు. అంతసేపూ విసిగించిన ఆ కూత ఇప్పుడు ఒక్కసారి వినబడితే చాలనిపించింది. ఆయనకి చెమటలు పట్టాయి. ఇక మిగిలింది కాలవ గట్టు వార మాత్రమే.

కుయ్.

కోటేశ్వరి మోకాళ్లమీద కూలబడి వేళ్లతో బురద కెలికింది. దిద్దు! దాన్ని చీరకొంగుతో తుడిచి, కళ్లకద్దుకుని, "అమ్మా" అని ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

పరంధామయ్యగారు మిషను భుజానికెత్తుకున్నాడు. ఛాతీ మళ్లీ పొంగింది. "చూశావా అమ్మాయ్! ఆ రోజు షావుకారు బంగళా దగ్గర కూడా అచ్చం ఇలాగే..."

కోటేశ్వరి దిద్దు చెవికి పెట్టుకుని, సీల బిగించుకుంటూ అంది.

"ఆ రోజు బూట్లు వేసుకునే వెళ్లారుగా అంకుల్."