ఏడో నంబరు మెషీను

టైపు నేర్పే హాలు. పొద్దుటి బ్యాచీ పిల్లలు వెళ్ళిపోయారు. ఏడో నంబరు మెషీను ముందు మెకానిక్కు, అతని వెనక టీచరమ్మ. లోపలి గదిలో ఆమె అత్తగారు.

"మళ్ళీ ఇదేనా?"

"ఇదే. ఏడో నంబరు. కదలనంటోంది."

"కదలనంటోందా, కదలనివ్వట్లేదా?"

"అంటే?"

"ఇలా వచ్చి చూడండి టీచరుగారూ. ఈ పక్కన చిన్న మీట ఉంది. దీన్నేమంటారు?"

"నన్నడుగుతారేంటి? మెకానిక్కు మీరా, నేనా?"

"పన్నెండేళ్ళుగా టైపు నేర్పుతున్నది మీరు. ఏమంటారు?"

"క్యారేజ్ లాకు."

"ఎప్పుడు వేస్తారు?"

"మెషీన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళేటప్పుడు. కాగితం చుట్టే క్యారేజీ అటూ ఇటూ కొట్టుకోకుండా."

"మరి ఏడో నంబరు ఎక్కడికి ప్రయాణం కట్టింది?"

"నాకేం తెలుసు? పొద్దున్న వచ్చేసరికి బిగుసుకుపోయి ఉంది. పిల్లలు ఎంత గుంజినా..."

"గుంజొద్దని చెప్పండి. ఇదిగో, ఒక్క వేలితో. టక్. అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అంతేనా? మొత్తం ఒకసారి విప్పి చూడరా?"

"ఏం చూడాలి?"

"ఏదో... లోపల. నూనె వెయ్యడం, అదీ."

"పోయిన మంగళవారమే వేశాను. పోయిన మంగళవారం దీనికేమైందో గుర్తుందా?"

"ఏదో షిఫ్టు..."

"షిఫ్ట్ లాకు. ఏది కొట్టినా పెద్దక్షరాలే. అంకె కొట్టబోతే బ్రాకెట్టు. షిఫ్టు కీ ఒక్కసారి నొక్కితే లాకు విడిపోవాలి. విడిపోలేదు. ఎందుకని? కింద దారం కట్టి ఉంది. నీలం దారం, రెండు ముళ్ళు."

"దారం సంగతి నాకు చెప్పనేలేదే."

"చెప్పలేదు. ఆ ముందు మంగళవారం ఎడమ మార్జినూ కుడి మార్జినూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒక్క అక్షరం పడగానే ఆగిపోయేది."

"ఆ రోజు పిల్లలు ఒకటే నవ్వు."

"అంతకుముందు రిబ్బను మీట స్టెన్సిల్ దగ్గర, అంటే రిబ్బను పైకి లేవని చోట ఉంది. కీలు టకటకా పడుతున్నాయి, కాగితం మీద సిరా చుక్క లేదు."

"అయితే ఇప్పుడేమంటారు?"

"ఏమీ అనను. వీటిలో ఒక్కటీ చెడిపోవడం కాదు. ఎవరో చెయ్యి పెట్టి చేసినవే. మెషీను గురించి బాగా తెలిసిన చెయ్యి."

"నేనూ అదే అనుకున్నా."

"ఏమని?"

"మెషీను గురించి బాగా తెలిసిన చెయ్యి అని."

"ఒప్పుకున్నారన్నమాట."

"నేనొప్పుకోవడమేంటి? మీరొప్పుకోండి."

"నేనా?"

"మరి ఇంకెవరు? వచ్చిన ప్రతిసారీ ఒకటి బాగుచేసి ఇంకోటి తిప్పి వెళ్తున్నారు, మళ్ళీ కబురు చెయ్యాలని. నాకు తెలీదనుకున్నారా?"

"నేను వెళ్ళేటప్పుడు మెషీను గుర్రంలా పరిగెడుతుంటుంది టీచరుగారూ. మీరే కొట్టి చూసుకుంటారు కదా."

"చూసుకుంటాను..."

"నేను వెళ్ళాకే పాడవుతోంది. అంటే చేసేది?"

"అంటే నేనా? మిమ్మల్ని రప్పించడానికి నేను చేశాననా?"

"అలాగే అనుకున్నా."

"నాలుగు వారాలుగానా?"

"నాలుగు వారాలుగా."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తారని."

"ఆ దారం ఏం చేశారు?"

"ఏ దారం?"

"నీలం దారం. రెండు ముళ్ళు."

"పారేశాను."

"ఎక్కడ?"

"చొక్కా జేబులో."

"అది నేను కట్టలేదండీ."

"కట్టలేదా?"

"ఒట్టు. నాకసలు ముడి వెయ్యడమే చేతకాదు, ఎంత బిగించినా జారిపోతుంది. ఇదంతా మీ పనే అనుకుని నేను..."

"మీరు?"

"ఏం లేదు."

"చెప్పండి."

"మంగళవారం వస్తే ఇస్త్రీ చీర కట్టుకుంటున్నా. చాలా?"

"మంగళవారమైతే నేను రెండుసార్లు గడ్డం గీసుకుంటున్నా."

"అంటే ఒకరు చేశారని ఇంకొకరం..."

"మురిసిపోయాం. నెల రోజులు."

"నవ్వకండి. లోపల అత్తయ్య ఉన్నారు."

"నవ్వుతున్నది మీరు."

"నేను నవ్వట్లేదు. నవ్వొస్తోంది, అంతే."

"మరి చేసిందెవరు?"

"అదే తెలీట్లేదు. సాయంత్రం హాలుకి తాళం వేసేది నేనే. పిల్లలు రాకముందే పాడై ఉంటోంది. పొద్దున్నే అత్తయ్య వచ్చి దుమ్ము తుడుస్తారు, అంతే."

"ఎవరైతేనేం లెండి, నాకు మేలే చేశారు. ఇంకోమాట చెప్పాలి మీకు. ఏడో నంబరు సంగతేమో గానీ, నేను ప్రయాణం కట్టేలా ఉన్నా."

"ఎక్కడికి?"

"రైల్లో ఒక రోజు ప్రయాణం. ప్రింటర్లు బాగుచేసే కంపెనీ. వచ్చేదీ రానిదీ ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నారు."

"ఏం చెప్తున్నారు?"

"మిమ్మల్నడిగి చెబుదామని."

"నన్నడగడమేంటి?"

"ఉండమంటే ఉంటాను. ఉండమనడం అంటే ఉత్తినే ఈ ఊళ్ళో ఉండమని కాదు."

"అర్థమైంది."

"పెళ్ళి సంగతి."

"అర్థమైందన్నాను కదా. మెల్లగా మాట్లాడండి."

"మెల్లగానే అడుగుతున్నా. మరి?"

"అత్తయ్య."

"ఆవిడకేం?"

"మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈ హాలు ఆయనది, ఈ మెషీన్లు ఆయనవి. అప్పుడు అందరూ నన్ను పుట్టింటికి పంపెయ్యమంటే, నా కూతురు ఎక్కడికీ వెళ్ళదు అన్నారావిడ. కోడలనలేదు, కూతురన్నారు. అలాంటావిడ ఎదురుగా నిలబడి నేను ఇంకొకర్ని... నాకు నోరు రాదు."

"నేనడగనా?"

"వద్దు. వద్దు వద్దు. ఆవిడ మనసు నొచ్చుకుంటే నేను తట్టుకోలేను."

"అయితే ఇష్టం లేదని చెప్పండి, వెళ్ళిపోతా."

"ఇష్టం లేదని ఎలా చెప్తాను?"

"అంటే ఉందనా?"

"ఉంది. ఉంది కానీ..."

"ఆ కానీ కొట్టెయ్యండి. ముందున్నది ఇంకోసారి."

"ఉంది."

"పెద్దక్షరాలతో."

"మీకు వేళాకోళంగా ఉంది. నాకిక్కడ ఏం చెయ్యాలో తోచట్లేదు."

"నాకూ తోచట్లేదు. స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టానో తెలీట్లేదు."

"మీ చెవి మీద ఉంది."

"అమ్మాయ్, ఇంకా అవలేదా రిపేరు?"

"అయిపోయింది అత్తయ్యా. ఆయన వెళ్తున్నారు."

"వెళ్తున్నాడా? అదేంటి, అంత తొందరగానా?"

"చిన్న పనే అత్తయ్యా. మీరు లేవకండి, మోకాళ్ళు..."

"లేచాను, వచ్చాను. ఏం నాయనా, బాగుచేసేశావా?"

"చేసేశానండీ. తేలిగ్గానే కదిలింది."

"మెషీను సంగతి సరే. మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

"దేని గురించి అత్తయ్యా?"

"దేని గురించి అంటావేంటమ్మా, ఇంక నా వల్ల కాదు. మా అబ్బాయి నాకు నేర్పిన మీటలు నాలుగే, నాలుగూ అయిపోయాయి."