ఎబినేజరు చేసిన బోగీ

ఏందే దెబోరా, గా సంచిల? గంత వంగిపోయి మోసుకొస్తున్నవ్, రాళ్లేమన్న ఏరుకొచ్చినవా? ఇటియ్యి, గీ బల్ల మీద పెట్టు. మెల్లగ, మెల్లగ... అరె! ఓరి దేవుడా! బిడ్డా, ఇది మీ తాత చేసిన బోగీ గదనే! ఇంక ఉన్నదా ఇది? ఎప్పుడో పాత ఇనుముల పోయిందనుకున్న నేను. ఆగు, జర కూసోనియ్యి నన్ను. ఇల్లు సర్దుతుంటె దొరికిందా ఏంది? సరే, చెప్త గని తొందర వెట్టకు. మనోళ్లు రైలు డబ్బనే బోగీ అంటరు, గది తప్పు. డబ్బ కింద ఉంటదే నాలుగు చక్రాల చట్రం, గదీ అసలు బోగీ. ముందటొకటి, ఎన్కొకటి. మీ తాత ఎబినేజరు, నేను, బెల్లంపల్లి గని వర్క్‌షాపుల ఇరవై ఆరేండ్లు పక్కపక్కన పనిచేసినం. ఆయన లేతు మీద, నేను గనిల బొగ్గు మోసే ఇనుప టబ్బుల రిపేరు కాడ. ఆయన చర్చి పెద్ద, నేను మగ్గం నేసే సాలోళ్ల ఇంట పుట్టినోన్ని. అయితేంది, రోజూ ఒక్క టిఫిను డబ్బల తిన్నం.

గాయిన పిచ్చేందో ఎరుకేనా నీకు? ఆవిరి రైలు. పెద్దది కాదే, పిల్లలు కాళ్లు రెండు దిక్కుల ఏసి కూసుండి పోయేటిది. పట్టాల నడుమ జానెడే ఎడం. బొగ్గేసి నీళ్లు కాగవెడ్తె కూత వెట్టుకుంట ఉరికే ఇంజను. మా ఇంటామె బాలలక్ష్మి ఎక్కిరిచ్చేది, "ఓ అన్నా, గనిల తిన్న బొగ్గు సాలలేదా, చర్చిల సుత పొగ వెడ్తవా?" అని. నవ్వేటోడు. ఇంజను రెండేండ్లల్ల చేసిండు గని బోగీలకు మూడేండ్లు పట్టింది. నవ్వకు! చక్రం గుండ్రంగ తీసుడు ఎవనికైన వస్తది. పట్టా మీద ఆనే దాని మొకానికి వెంట్రుకంత వాలు పెట్టాలె, గప్పుడే మలుపుల తనంతట తానే పట్టా నడుమకొస్తది. వాలు ఎక్కువైతె ఊగుతది, తక్కువైతె రాస్తది. నాలుగు చక్రాలు తీసి, నాలుగు పారేసి, మల్ల తీసిండు. స్ప్రింగులు పాత జీపు వాల్వులయి, బేరింగులు కాలిపోయిన పంపు మోటర్లయి. ఇగో, గీ నడిమి బోల్టు చూడు. దీని మీదనే డబ్బంత కూసుంటది, దీని మీదనే బోగీ ఇటటు తిరుగుతది. ఊడిపోకుంట కింద పిన్ను గుచ్చి, నట్టును మాత్రం సగం చుట్టు ఒదులు ఇడిసేటోడు, కావాల్నని. బోగీ తిరగాలె, పట్టా మిట్టపల్లాలకు జర ఒరగాలె గదా. గిదంత నాకు తర్వాత ఎరుకైంది బిడ్డా. అప్పుడు ఎరుక లేకపాయె.

ఎనబై తొమ్మిది. కోత పండుగ. చర్చి సుట్టూత పట్టాలు పరిచిండు. మీ అమ్మ మహిమకు పదకొండేండ్లు, కొత్త గౌను ఏసుకొని ఆఖరు డబ్బ నాదంటె నాదని అందరితోని కొట్లాడుతుంది. నేను పొద్దుగాల్నే పోయిన. మీ తాత ఇంజను కాడ నీళ్లు పోస్తుండు. నేను ఊకె ఉంటనా? డబ్బలను పక్కకు ఒంపి, ఎన్కనుంచి మొదలువెట్టి ఒక్కొక్కటి చూస్తున్న. ఆఖరు డబ్బ, ఎన్క బోగీ, చెయ్యి పెడ్తె నట్టు ఒదులు! మా టబ్బులకు నట్టు ఒదులుంటె ఏమైతదో ఎరుకేనా? వాలు మీద తెగి కిందికి ఉరికిందంటె కిందున్నోడు ఖతం. మా ఫోర్‌మన్ అంజన్న గొంతు చించుకునేటోడు, "ఎవని నట్టని అడగకుండ్రి రా! ఒదులు కానొస్తె ముందు బిగించుండ్రి, ఎన్క మాట్లాడుండ్రి!" అని. చేతులకు గదే అలవాటాయె. బిగించిన. బిర్రుగ, నా రెంచితోని, బలమంత పెట్టి. పిల్లల పాణం కాపాడిన అనుకున్న! ఇంకో దానికి చెయ్యి పెడ్తుంటె పాస్టరుగారు బల్లలు మోయనీకి పిలిచిండు. పోయిన. చెప్పుడు మర్చిన.

రైలు కదిలింది. ఏం సప్పట్లు, ఏం కేకలు! చర్చి ఎన్క మలుపు కాడ ముందు బోగీ తిరిగింది, ఎన్కది గుంజ పాతినట్టు అట్లనే ఉన్నది. చక్రం పట్టా ఎక్కింది. నేను చూస్తనే ఉన్న. డబ్బ ఒరిగింది. మీ అమ్మ కాలు డబ్బకూ సిమెంటు గట్టుకూ నడుమ వడ్డది. గా సప్పుడు... వద్దులే. దవఖానల నెల రోజులున్నది. గా కాలే ఇయ్యాల్టికి మీ అమ్మ ఈడ్చుకుంట నడుస్తది. మూడో రోజు మీ తాత నా దగ్గరికొచ్చిండు. "కైలాసం, నువ్వేమన్న ముట్టినవా?" అన్నడు. గంతే. నేను "లే, ఎములాడ రాజన్న తోడు" అన్న. అన్న బిడ్డా! నాకే సమజ్ గాలే ఎట్ల అన్ననో. ఆదివారం చర్చిల అందరి ముంగట నిలవడి, "లెక్క నేనే తప్పిన, నా బిడ్డ కాలు నేనే ఇరగ్గొట్టుకున్న" అన్నడట. ఇంజనును గుడ్డల చుట్టి లోపల వెట్టిండు, మల్ల ముట్టలే. కాలనీల "సొంత బిడ్డను కుంటిదాన్ని చేసిండు" అంటె తల దించుకొని పోయేటోడు. పదమూడేండ్లకు పాణమిడిసిండు. పెట్టెకు నేను భుజం పట్టిన. అప్పుడు సుత నోరిప్పలే.

గా అద్దాలియ్యి. గీ నట్టు అంచులు చూడనియ్యి... అయ్యో. అయ్యయ్యో! గీ గాట్లు చూస్తున్నవా? ఇవి పైపు రెంచి పండ్లు. వర్క్‌షాపు మొత్తంల నట్టును పైపు రెంచితోని పట్టేటోన్ని నేనొక్కన్నే. "కుక్క బొక్క కొరికినట్టు కొరుకుతవేందిరా" అని రోజూ తిట్టేటోడు మీ తాత. అంటె... డబ్బ లేపిన్నాడే చూసిండు! ఎరుకుండే అడిగిండు నన్ను! నేనే చెప్పాల్నని అడిగిండు, నేనేమో రాజన్న మీద ఒట్టేసిన. ఒట్టేసినంక పోయి నా తప్పు తన నెత్తినేసుకున్నడు. థూ నా బతుకు!

దెబోరా, మీ అమ్మకు నువ్వు చెప్పకు. నేనే వస్త, నేనే చెప్త, నా మొకాన ఉమ్మేసినా సరే. ఆటో పిలువు... ఏందీ? ఏమన్నవ్? మీ అమ్మకు ఎరుకేనా? ఎవలు చెప్పిండ్రు... పాణం పోయేముందు మీ తాతనే చెప్పిండా? ఇరవై రెండేండ్ల సంది ఎరుకేనా ఆమెకు? మరి ఏటేటా క్రిస్మస్‌కు గా కాలు ఈడ్చుకుంట మా గడప ఎక్కి గరిజెలు తెచ్చిచ్చింది గదనే! "కాకా, నీకు షుగరున్నది, రెండే తిను" అని నవ్వింది గదనే! నేను తిన్న. నాలుగు తిన్న, ఆరు తిన్న... ఇయ్యాల దీన్ని సుత ఆమెనే పంపిందా? ఇచ్చి ఏం చెప్పుమన్నది? ఏం చెప్పలేదా? ఊకె, "కాకకు ఇచ్చి రా" అన్నదా? గంతేనా?

జర గా ఫ్యాను బందు చెయ్యి బిడ్డా. సలి పెడ్తుంది.