మంగళవారం పట్టీలో లేని పేరు

1992 ఆగస్టు 3వ తేదీన వికారాబాదు ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగజీవితం ప్రారంభించిన శ్రీమతి ఇంద్రమ్మ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సహోద్యోగులు నన్ను ఆదేశించారు. ఫార్మసీ కిటికీ వెనుక మందులిచ్చే ఈశ్వరయ్యను నేను; నాకు వ్యాసాలు రావు. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసినవాణ్ణి గనుక ఆజ్ఞ దాటడమూ రాదు.

ఇంద్రమ్మ గారి భర్త హవల్దారు పాండురంగం గారు సైన్యం నుంచి తిరిగివచ్చి, ఆరేళ్లు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, అలాగే కన్నుమూశారు. ఎందరికో సేవ చేసి కూడా ఆయనకు ఏమీ చేయలేకపోయానన్న వేదనే వారిని మానసిక ఆరోగ్య శిక్షణ వైపు నడిపించింది. 2014లో మా తాండూరు మాజీ సైనికుల వైద్యకేంద్రంలో కౌన్సెలరుగా చేరి, కోపాన్ని, భయాన్ని, నిద్రలేమిని నలుగురిలో కూర్చుని అదుపు చేసుకునే నైపుణ్యాలు నేర్పే మంగళవారపు బృంద చికిత్సను ఆరంభించారు.

ఆరంభించారన్నానే గానీ, వచ్చిందెవరు? గుమ్మానికి 'మానసిక చికిత్స' అని బోర్డు. లోపల పది కుర్చీలు. వాటి మధ్య వారొక్కరే. నాలుగు వారాలు అలాగే సాయంత్రం వరకు కూర్చుని, వికారాబాదులోని ఇంటికి బస్సెక్కారు. కిటికీలోంచి చూస్తూ కూడా నేను వెళ్లలేదు. సిగ్గు! ఐదో వారం బీపీ మాత్రల కోసం బషీరాబాద్ నుంచి వచ్చిన మాజీ సుబేదారు భీమయ్యను వారు లోపలికి రమ్మని పిలిస్తే, ఆయన కస్సుమన్నాడు.

"మాకేమన్న పిచ్చి లేసిందా మేడం? డ్యూటీ ఏమన్న ఉంటె చెప్పుండ్రి, చేస్తం!"

వారు మరునాడే ఆ బోర్డు తీయించి, డ్యూటీ పట్టీ తగిలించారు. గది ఊడ్చేది ఒకరు, చాయ్ కాచేది ఒకరు, రానివారికి ఫోన్ చేసేది ఒకరు. తరువాతి మంగళవారం భీమయ్య గంట ముందే వచ్చి చీపురు పట్టాడు. ఊడ్చాక కూర్చున్నాడు, కూర్చున్నాక నెమ్మదిగా నోరు విప్పాడు. మూడో నెలలో నేనూ కిటికీ మూసి వెళ్లి, నా భార్య పోయినప్పటి నుంచి ఇల్లు చేరాలంటే భయమేస్తోందని మొదటిసారి పైకి అన్నాను.

పదకొండేళ్లుగా ఆ పట్టీలో అందరి పేర్లూ ఉన్నాయి, వారిది తప్ప. మొన్న భీమయ్య అడిగాడు: "వచ్చే నెల సంది ఇంటికాడ తోడెవరున్నరు మేడం?"

"ఎవరు లేరు భీమయ్యా. అలవాటైంది" అని కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఒంటరితనాన్ని పైకి చెప్పుకోవడం మాకందరికీ నేర్పిన మనిషి, తన సంగతి రెండు ముక్కల్లో ముగించేశారు.

ఇంద్రమ్మ గారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, ప్రశాంత చిత్తంతో చిరకాలం వర్ధిల్లాలని మీ సహోద్యోగులమూ మీ బృందమూ మనసారా కోరుకుంటున్నాము. మీ విరమణ తరువాత వచ్చే మొదటి మంగళవారానికి పట్టీ రాసి గోడకు తగిలించాము. చాయ్ కాచే వంతు మీది. రానివారికి ఫోన్ చేసే వంతు భీమయ్యది.

"ఫోన్ ఎత్తకుంటె బస్సెక్కి ఇంటికే వస్త" అంటున్నాడాయన.