యెనక మాట లేకుంటే కదలని గుర్రం

"గుర్రమెక్కి ఇస్కూలుకు పోతాంటివంట గదా అవ్వా, ఆ సంగతి సెప్పు" అంటాండావే, ఎవురు సెప్పినారు మే నీకు? ఎక్కింది నేను కాదు, మా తమ్ముడు చిన్నప్ప. నేను దాని యెనకాల నడిస్తిని, అంతే.

వాడికి చిన్నప్పుడే జొరమొచ్చి ఎడమకాలు సన్నబడిపొయ్యింది. మా పల్లె నుంచి పుంగనూరి ఇస్కూలు రెండు మైళ్ళు. కాదు, మూడుంటాది, మద్దెలో నీళ్ళు పారే వంక దాటల్ల. యుద్ధం రోజులు గదా, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు, వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. కాలు సరిలేనోడు మడక పట్టి దున్నలేడు, గొర్రెలెంట పోలేడు, చదువన్నా లేకుంటే వాడి గతేమని మా నాయనకు ఒగటే దిగులు. సంతలో ఒక పొట్టి గుర్రాన్ని పట్టకొచ్చినాడు. కుప్పం రైలుటేషను కాడ జట్కాకు కట్టిన గుర్రమంట. జట్కా నీకేం తెలుసులే, మన ఆటో మాదిరి అనుకో. మా మేనత్తను మదనపల్లెలో ఇచ్చింటిరి, ఆమె పిసినారితనం ఇంకో పొద్దు సెప్తా, ఆ ఊర్లో అణా ఇస్తే జట్కాలో యాడికైనా తీసకపోతాండిరి.

యాడుండాను? ఆ, గుర్రం. వాడ్ని దాని మింద కూర్చోబెడితే నాలుగడుగులేసి నిలబడిపోతాది. మా నాయన ముందర నుంచి లాగితే యెనక్కి జరుగుతాది, కొడితే ఎగురుతాది. ఒకసారి వాడ్ని కింద పడేసింది గూడా. ఇంక దాన్ని సూస్తేనే వాడికి వణుకు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. పాపం, ఆ మొకం తలుసుకుంటే ఇప్పుడు గూడా నాకు అయ్యో అనిపిస్తాది. "ఇంగొక వారం సూస్తా, కాకుంటే గుర్రాన్ని అమ్మేస్తా, ఇస్కూలూ వద్దు, ఏమీ వద్దు" అనె మా నాయన.

ఒకనాడు నన్ను తోడు పంపినారు. వంక కాడ నిలబడిపొయ్యింది. వీడేమో జూలు పట్టుకోని ఏడస్తాండాడు. నాకు కోపమొచ్చి, యెనకాల నిలబడి, "ఏడువ్, నీ సంగటీ ఊరిబిండీ నేనే తింటా" అని తిట్టడం మొదులుపెడితిని. తిడతాంటే గుర్రం నడిసింది మే. నోరు మూస్తే నిలబడె. మళ్ళా తిడితే నడిసె. జట్కావోడు కూర్చునేది యాడ? గుర్రం యెనకాల గదా. దానికి బతుకంతా మాట యెనక నుంచే వచ్చింది. మనుషులు ముందరికొచ్చి లాగితే దానికీ బయమే.

ఇంక రోజూ నేను యెనకాల వాగతా నడిసేది. వాడ్ని గూడా ఊరికే ఉండనీలేదు. "నేను తిడితే నువ్వూ తిట్టు" అంటిని. నోరు తెరిస్తే బిగబట్టిన చేతులు వాటంతటవే వదులైతాయి. నెల తిరక్కుండానే నన్ను తిడతా, నగతా వంక దాటినాడు.

మరి వాడు ఇస్కూల్లో ఉంటే నేను సాయంత్రం దాకా యాడికి పోవల్ల? అరుగు మింద కూర్చుంటాంటి. టీచరమ్మ సూసి, "ఎండలో యాల మే, లోపలికి రా" అనింది. అట్ల నాకు అచ్చరాలు వచ్చినాయి. లేకుంటే మా ఊర్లో ఆడబిడ్డను ఎవురు చదివిచ్చిరి?

మరుసటేడు మా నాయన, "వాడి మాటకే గుర్రం నడస్తాంది, వాడిప్పుడు బాగా తోలతాండాడు, నువ్వు ఇంటికాడ అమ్మకు సాయముండు" అనె. నేను దొడ్లోకి పోయి ఏడిస్తిని. తెల్లారి వాడొక్కడే బయల్దేరినాడు. ఇల్లు దాటినాక గుర్రం నిలబడిపొయ్యింది. మా నాయన యెనకాల పోయి అరిసినాడు, అదిలించినాడు, ఊహూ. "అక్క లేకుంటే ఇది కదల్దు నాయనా" అని చిన్నప్ప మొకం దిగులుగా పెట్టినాడు. మా నాయన తల గోక్కోని, "సరే, నువ్వూ పో మే" అనె.

నేను దగ్గరికి పోయి సూస్తే, వాడు ఒళ్ళో పలకసంచి కింద కళ్ళెం బిగబట్టుకోని ఉండాడు. నేను ఒక మాట అనంగానే వదిలేసినాడు. గుర్రాన్ని సూస్తే కడుపునొప్పి వచ్చేటోడు మే వాడు. నాకోసరం దాన్నట్ల నిలబెట్టినాడు.

వాడు నాకంటే ముందే పొయినాడు. బతికినన్నాళ్ళూ ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. సరే లెయ్, పొద్దుపోతాంది. నువ్వూ మీ తమ్ముడూ సల్లంగా ఉండండి. తిట్టుకుంటే తిట్టుకోండి, మాట మాత్రం మానుకోబాకండి...